పూల్ టేబుల్‌కి ఏ క్లాత్ వేయించాలి?

టేబుల్ క్లాత్ మార్చాలనుకోగానే చాలామంది డీలర్‌కి ఫోన్ చేసి మొదట అడిగేది రంగు. రంగు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు తేలాల్సినవి మూడు: ఆ టేబుల్ మీద ఏ ఆట ఆడతారు, రోజుకి ఎంతసేపు ఆడతారు, టేబుల్ ఉన్న గదిలో తేమ, దుమ్ము ఎలా ఉంటాయి. ఈ మూడింటికీ జవాబు దొరికితే అమ్మకానికున్న రకాల్లో ముప్పాతిక వంతు వాటంతటవే పక్కకి పోతాయి. మిగిలిన నాలుగైదింటిలో ఏది తీసుకున్నా పెద్దగా నష్టపోరు.

ఎన్ని పేర్లతో అమ్మినా ఈ క్లాత్‌లు రెండే జాతులు. మొదటిది నూగు ఉన్న ఉన్ని బట్ట. నేశాక పైన పోగుల్ని రేపి, ఒకే దిక్కుకి వాలేలా దువ్వి, కత్తిరించి తయారుచేస్తారు. అరచేత్తో ఒక దిక్కుకి రాస్తే నున్నగా ఉంటుంది, ఎదురు రాస్తే గరుగ్గా తగులుతుంది. స్నూకర్, బిలియర్డ్స్, చిన్న బంతులతో ఆడే ఇంగ్లిష్ పూల్, చైనాలో పుట్టిన హేబాల్, ఇవన్నీ ఈ కోవ బట్ట మీద పెరిగిన ఆటలే. రెండోది వర్‌స్టెడ్. పొడవాటి ఉన్ని పోగుల్ని దువ్వి, గట్టిగా పురి పెట్టి, దగ్గరగా నేసిన బట్ట. సూట్ల గుడ్డ కూడా ఈ కుటుంబానిదే. పైన నూగు ఉండదు, దగ్గరగా చూస్తే పడుగూ పేకా కళ్లకి కనిపిస్తాయి. అమెరికన్ పూల్, అంటే రెండుంపావు అంగుళాల బంతులతో ఆడే ఎయిట్ బాల్, నైన్ బాల్, టెన్ బాల్, ఈ బట్ట మీద ఆడాలి.

ఈ తేడా ఆటలో ఎలా కనిపిస్తుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. నూగు ఉన్న బట్ట బంతిని పట్టి ఆపుతుంది. అదే దూరం వెళ్లాలంటే ఎక్కువ బలంతో కొట్టాలి. స్నూకర్ టేబుల్ మీద నూగు బాల్క్ వైపు (ఆట మొదలుపెట్టే చివర) నుంచి బ్లాక్ వైపుకి (నల్ల బంతి ఉండే ఎదురు చివరకి) వాలి ఉంటుంది. కుడి సైడ్ ఇచ్చి, అంటే బంతిని మధ్యకి కాస్త కుడిపక్కన కొట్టి తిప్పుతూ, బ్లాక్ వైపుకి నెమ్మదిగా కొడితే బంతి కుడికి లాగుతుంది, అదే సైడ్‌తో వెనక్కి బాల్క్ వైపు కొడితే ఎడమకి లాగుతుంది. మధ్య పాకెట్‌కి అడ్డంగా మెల్లగా దొర్లే బంతి కూడా నూగు వాలిన వైపుకి కొంచెం జరుగుతుంది. స్నూకర్ ఆటగాడికి ఇవన్నీ లెక్కలో భాగం. నైన్ బాల్ ఆడేవాడికి ఇవి అనవసరపు తలనొప్పి. వర్‌స్టెడ్ మీద ఈ లాగుడు ఉండదు, ఏ దిక్కుకి కొట్టినా బంతి ఒకేలా పోతుంది. బట్ట కొత్తగా ఉన్నంతకాలం క్యూ బాల్ (కర్రతో కొట్టే తెల్ల బంతి) దొర్లే ముందు ఎక్కువ దూరం జారుతుంది, డ్రా (ఇంకో బంతికి తగిలాక వెనక్కి రావడం) బాగా పలుకుతుంది, కుషన్‌కి (టేబుల్ అంచున ఉండే రబ్బర్ గట్టుకి) తగిలి తిరిగొచ్చే కోణం కాస్త వెడల్పవుతుంది. పాత టేబుల్ మీద లెక్కగట్టిన బ్యాంక్ షాట్ (బంతిని కుషన్‌కి కొట్టి పాకెట్‌కి పంపడం) కొత్త క్లాత్ మీద పాకెట్ దాటిపోతే లోపం మీది కాదు. కొన్నాళ్లు ఆడాక అది సర్దుకుంటుంది.

మన పార్లర్లలో తరచూ కనిపించే పొరపాటు ఇదే: స్నూకర్ టేబుళ్ల కోసం తెప్పించిన థానులో మిగిలిన ముక్కని 8 అడుగుల పూల్ టేబుల్‌కి వేసేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ పెద్ద బంతులు ఆ నూగు మీద బరువుగా నడుస్తాయి, ఆటగాడు బలం పెంచుతాడు, బ్రేక్‌లో (పేర్చిన బంతుల్ని చెదరగొట్టే మొదటి దెబ్బలో) బంతులు ఎగురుతాయి, నూగు కొన్ని చోట్ల ముందే అరిగి టేబుల్ మచ్చలు పడుతుంది. ఇంట్లో పిల్లలు, చుట్టాలు వచ్చినప్పుడు సరదాకి ఆడే టేబుల్ అయితే మాత్రం నూగు ఉన్న ఉన్ని-నైలాన్ బట్ట పర్వాలేదు. నెమ్మదిగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకి బంతి అదుపులో ఉంటుంది, ఖర్చూ తక్కువ. మొదటి కొన్ని వారాలు పైన చిన్న చిన్న ఉండలు తేలతాయి. వాటిని గోళ్లతో పీకకూడదు, మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు.

పేర్ల విషయానికొస్తే, వర్‌స్టెడ్‌లో అందరూ కొలమానంగా పెట్టుకునేది బెల్జియంలోని వెర్వియే పట్టణానికి చెందిన ఇవాన్ సిమోనిస్. 1680 నుంచి ఉన్న కంపెనీ అది. వాళ్ల 860 రకంలో 90 శాతం ఉన్ని, 10 శాతం నైలాన్. 760లో 70 శాతం ఉన్ని, 30 శాతం నైలాన్. 860 కొంచెం బరువు, వేగం మధ్యస్థం. 760 పలచన, వేగం ఎక్కువ. 860లోనే గట్టితనం పెంచి హెచ్‌ఆర్ అనే రకం కూడా ఉంది, బాగా వాడకమున్న టేబుళ్ల కోసం. స్నూకర్, ఇంగ్లిష్ పూల్ వైపు వస్తే ఇంగ్లండ్‌లో పుట్టిన పేర్లే ఎక్కువ వినిపిస్తాయి: స్ట్రాకన్ వాళ్ల 6811, యార్క్‌షైర్‌లో 1783లో మొదలైన హెయిన్స్‌వర్త్ వాళ్ల మ్యాచ్. ఇవి కాక చైనా నుంచి వచ్చే వర్‌స్టెడ్‌లు చాలా ఉన్నాయి. కొన్ని నిజంగా బాగుంటాయి, కొన్నింటిలో లేబుల్ మీదున్నది ఒకటి, లోపలున్నది ఇంకొకటి.

నా మాట అడిగితే, ఇంట్లో శ్రద్ధగా నేర్చుకుంటూ ఆడేవాళ్లకి 860 తరహా బట్టే సరైనది. 760 తరహా వేగం చేతికి ముందు సరదాగా అనిపిస్తుంది, కానీ టేబుల్ మట్టంలో ఉన్న ప్రతి లోపాన్నీ బయటపెడుతుంది. స్లేట్ (బట్ట కింద ఉండే రాతి పలక) వెంట్రుకవాసి వంగి ఉన్నా నెమ్మదిగా వెళ్లే బంతి చివర్లో పక్కకి తిరుగుతుంది. మట్టం ఖచ్చితంగా పెట్టే మనిషి దొరక్కపోతే అంత వేగం కొనుక్కోకపోవడమే మంచిది.

ఉన్ని నిజంగా ఉన్నిదేనా?

ఇది మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. డీలర్‌ని అంగుళం ముక్క శాంపిల్ అడగండి, ఇవ్వనంటే అక్కడ కొనకండి. ముక్క అంచు నుంచి ఒక దారం పడుగు దిక్కున, ఒకటి పేక దిక్కున లాగండి. రెంటినీ విడివిడిగా పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం పెట్టి, కొవ్వొత్తి మంటకి అంచు తగిలించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మంట తీయగానే దాదాపు ఆరిపోతుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే నల్లటి పొగ వస్తుంది, కరిగి బొట్టుగా మారుతుంది, చల్లారాక ఆ బొట్టు గోరుతో నొక్కినా పగలదు. నూలు అయితే కాగితం కాలిన వాసనతో భగ్గున అంటుకుని మెత్తటి బూడిద మిగులుతుంది. ఉన్ని-నైలాన్ మిశ్రమంలో రెండు గుర్తులూ కలిసి ఉంటాయి: వెంట్రుకల కంపు, బూడిదలో అక్కడక్కడ చిన్న గట్టి గింజలు. గింజలు కొంచెమే ఉంటే 90-10 దగ్గర, బూడిద మొత్తం గట్టిపడితే సింథటిక్ ఎక్కువని అర్థం. శాతం అంత ఖచ్చితంగా చెప్పలేం కానీ, 'ప్యూర్ వూల్' అని అమ్మే పాలిస్టర్ మాత్రం ఈ పరీక్షలో తప్పించుకోలేదు. రెండు దిక్కుల దారాలూ ఎందుకంటే, పడుగులో ఒక పోగు, పేకలో చౌక పోగు వేసి నేసిన బట్టలూ ఉంటాయి.

ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఉన్ని పోగుకి సహజంగా సాగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం ఉంది, అందుకే బిగించిన బట్ట చాలాకాలం బిగువుగా ఉంటుంది. నైలాన్ రాపిడికి తట్టుకుంటుంది, అందుకే కొంత కలుపుతారు. ఆ నైలానే వేడికి కరుగుతుంది. బ్రేక్ కొట్టినప్పుడు క్యూ బాల్ ఒక్క క్షణం అక్కడే రాసుకుని తిరిగినా, ఎగిరి పడినా ఆ చోట పుట్టే వేడికి పోగుల కొసలు కరిగి తెల్ల చుక్క పడుతుంది. కొత్త క్లాత్ మీద మొదటి రోజే ఆ చుక్కలు చూసి బట్ట నకిలీదని కంగారు పడనక్కర్లేదు, మంచి వర్‌స్టెడ్ మీదా పడతాయి. చుక్కలు మరీ ఎక్కువైతే బంతుల్ని అనుమానించాలి. చౌక పాలిస్టర్ బంతులు ఫెనాలిక్ రెజిన్ బంతుల కంటే బట్టని ఎక్కువ కాలుస్తాయి. మంచి క్లాత్ వేయించి పాత గీతలు పడ్డ బంతులతో ఆడటం డబ్బు పారేసుకోవడమే.

ఔన్సుల లెక్క

క్లాత్ బరువుని ఔన్సుల్లో చెబుతారు: 18, 21, 22, 30, 32. ఎక్కువ ఔన్సులంటే మంచి బట్ట అని అమ్మేవాళ్లూ అంటారు, కొనేవాళ్లూ నమ్ముతారు. ఆ అంకె గజం పొడవు బట్ట తన పూర్తి పన్నాతో కలిపి తూగే బరువు. పన్నా మారితే పోలిక చెల్లదు. 62 అంగుళాల పన్నాలో 22 ఔన్సులంటే చదరపు మీటరుకి దాదాపు 433 గ్రాములు. 78 అంగుళాల పన్నాలో 30 ఔన్సులంటే దాదాపు 470. అంకెల్లో మూడో వంతుకి పైగా కనిపించే తేడా అసలు బట్టలో పదో వంతు కూడా లేదు. కాబట్టి ఔన్సులు చెప్పగానే పన్నా ఎంతో అడగండి. ఒకే పన్నా ఉన్న రెండు నూగు బట్టల మధ్య బరువైనది ఎక్కువకాలం మన్నుతుంది, నెమ్మదిగా ఆడుతుంది. వర్‌స్టెడ్‌లో బరువు కంటే నేత బిగువు, ఉన్ని శాతం ముఖ్యం.

గది

ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని, ముట్టుకుంటే తడి తెలియకుండానే, గాలి నుంచి పీల్చుకోగలదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో టేబుల్ ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో బట్ట బరువెక్కి సాగుతుంది, బంతి మెల్లబడుతుంది. ఆ తేమలో బిగించి, తర్వాత ఏసీ వేస్తే ఆరి బిర్రుగా లాగుతుంది. ఏసీ గదిలో బిగించి తర్వాత రెండు నెలలు గది మూసేస్తే వదులై అలలు తేలుతుంది. గదిని మామూలుగా ఏ స్థితిలో ఉంచుతారో ఆ స్థితిలోనే బిగించాలి. క్లాత్ రోల్ విప్పి ముందు రోజే ఆ గదిలో పరిచి ఉంచమని ఫిట్టర్‌కి గట్టిగా చెప్పండి. తేమ ఎక్కువ ఉండి ఏసీ లేని చోట 70-30 రకం కొంచెం నిలకడగా ఉంటుంది, నైలాన్ ఉన్నంత నీరు పీల్చదు కాబట్టి.

హైదరాబాద్ లాంటి చోట్ల తేమ కంటే దుమ్ము సమస్య. రోడ్డు పక్కన, తలుపులు తెరిచి ఉంచే పార్లర్‌లో సన్నటి దుమ్ము నేతలోకి దిగి లోపలి నుంచి పోగుల్ని కోస్తుంది. అలాంటి చోట నూగు బట్ట కంటే వర్‌స్టెడ్ శుభ్రం చేయడం తేలిక. అమెరికాలో బేస్‌మెంట్‌లో టేబుల్ పెట్టుకున్న మనవాళ్లకి ఇబ్బంది మరో రకం: చలికాలం హీటింగ్‌తో గాలి పొడిబారుతుంది, వేసవిలో బేస్‌మెంట్ చెమ్మగిల్లుతుంది. డీహ్యూమిడిఫైయర్ పెట్టి గాలి తేమని 50 శాతం చుట్టుపక్కల ఉంచితే బట్టకీ చెక్కకీ రెండింటికీ మంచిది. ఎక్కువకాలం వాడని టేబుల్‌కి ఇంకో శత్రువు ఉన్ని తినే పురుగు. కవర్ కింద, కుషన్ల అడుగున చీకట్లో గుడ్లు పెడుతుంది. నెలకోసారి కవర్ తీసి, కుషన్ అడుగు సందుల్లో వాక్యూమ్ పెట్టండి.

ఎంత బట్ట కావాలి?

ఆట జరిగే కొలత వేరు, బట్ట కొలత వేరు. 7 అడుగుల టేబుల్ అంటే ఆట స్థలం 39 × 78 అంగుళాలు, 8 అడుగులంటే 44 × 88, 9 అడుగులంటే 50 × 100. ఇవి కాక 46 × 92 కొలతలో పెద్ద 8 అడుగుల టేబుల్ ఒకటి ఉంది. దానికి మామూలు 8 అడుగుల సెట్ తెప్పిస్తే చాలకపోవచ్చు. రెయిల్స్ (కుషన్లు బిగించి ఉండే అంచు చెక్కలు) విప్పి స్లేట్ బయటి అంచు నుంచి అంచుకి కొలవడమే సరైన పద్ధతి. స్లేట్ కింద చెక్క ఉంటే స్టేపుల్స్ ఆ చెక్కకి కొడతారు, కాబట్టి బట్ట కిందికి దిగడానికి, పట్టుకుని లాగడానికి ప్రతి వైపూ నాలుగు అంగుళాలు అదనంగా ఉండాలి. చెక్క లేని స్లేట్‌కి స్ప్రే గమ్‌తో అంచుకి అంటిస్తారు, అప్పుడు కొంచెం తక్కువ చాలు.

ఉదాహరణకి స్లేట్ 50 × 94 అంగుళాలుంటే బెడ్‌కి (బంతులు దొర్లే పరుపు భాగానికి) 58 × 102 కావాలి. కుషన్లు ఆరు. ఒక్కోదానికి 50 అంగుళాల పొడవు, ఐదున్నర వెడల్పు ముక్క అనుకుంటే ఆరింటికి 33 అంగుళాలు. 62 అంగుళాల పన్నాలో పక్కన మిగిలే నాలుగు అంగుళాల్లో కుషన్ ముక్క రాదు, అందుకే పొడవులోనే 33 కలపాలి. మొత్తం 135 అంగుళాలు, అంటే మూడు ముప్పావు గజాలు. ఆరు కుషన్ ముక్కలూ ఒకే దిక్కున కత్తిరించాలి. పడుగు దిక్కున సాగే తీరు, పేక దిక్కున సాగే తీరు ఒకటి కాదు. రెండు ముక్కలు అటూ నాలుగు ఇటూ కోస్తే కుషన్లు రెండు రకాలుగా తిప్పికొడతాయి, వెలుగులో రంగు కూడా తేడాగా కనిపిస్తుంది. బెడ్ మార్చి కుషన్ల క్లాత్ పాతది ఉంచమనే ఖర్చు తగ్గింపు సలహా వినకండి. బంతి తగిలే గీత మీద కుషన్ క్లాత్ అరిగి నునుపు తేలి ఉంటుంది, కొత్త బెడ్ పక్కన అది అసలు కుదరదు.

రంగుకి రెండు మాటలు చాలు. టీవీ టోర్నమెంట్లలో కనిపించే నీలం మీద బంతులన్నీ స్పష్టంగా తెలుస్తాయి, ఆకుపచ్చ కంటికి శ్రమ ఇవ్వదు. ఎరుపు, మెరూన్ మీద 3, 7 నంబర్ బంతులు కలిసిపోతాయి. కిటికీ ఎండ నేరుగా పడే చోట ముదురు రంగు వేయించకండి, ఏడాదిలో చారలుగా వెలుస్తుంది. క్యూ కర్ర కొసకి రాసే చాక్ కూడా క్లాత్ రంగుకి దగ్గరగా ఉన్నది వాడితే మరకలు అంతగా కనబడవు.

ఫిట్టర్ దగ్గర చూడాల్సినవి

బట్టకి ఎంత పెడుతున్నారో దానిలో తగినంత భాగం బిగించే మనిషికి పెట్టండి. మన దగ్గర చాలామంది ఫిట్టర్ల చెయ్యి స్నూకర్ టేబుళ్ల మీద తిరిగింది. వాళ్లలో మంచి పనివాళ్లున్నారు, కానీ వర్‌స్టెడ్ ఎప్పుడైనా బిగించారా అని ముందే అడగాలి.

పాత క్లాత్ తీశాక స్లేట్ మీద పాత గమ్, విరిగిన స్టేపుల్ ముక్క, మైనపు బొట్టు ఏది మిగిలినా వర్‌స్టెడ్ కింద బంతి ఎగిరి చెబుతుంది. మూడు స్లేట్ల మధ్య అతుకుల మీద గోరు అడ్డంగా లాగి చూడండి, ఎక్కడా మెట్టులా తగలకూడదు. సందులు తేనెమైనంతో నింపి, బ్లేడుతో స్లేట్ సమానానికి గీకాలి. రసమట్టం అన్ని దిక్కుల్లో పెట్టి చూశాకే బట్ట పరచాలి. కుషన్ రబ్బర్ కూడా అప్పుడే పరీక్షించుకోవాలి. బొటనవేలితో నొక్కితే చెక్కలా గట్టిగా ఉన్నా, పగుళ్లు తేలినా రబ్బర్ మార్చేయండి, తర్వాత మార్చాలంటే కొత్త క్లాత్ మళ్లీ విప్పాల్సిందే. కుషన్ ముక్కు ఎత్తు బంతి ఎత్తులో 63.5 శాతం దగ్గర ఉండాలి. రెండుంపావు అంగుళాల బంతికి అది దాదాపు ఒక అంగుళం ఏడు పదహారోవంతులు. స్నూకర్ కొలతలో ఉన్న కుషన్ పూల్ బంతికి ఎత్తు చాలదు.

బట్ట ఒక చివర బిగించి, ఎదురు చివర లాగి, తర్వాత పొడవు పక్కల మధ్య పాకెట్ల దగ్గర మొదలుపెట్టి మూలల వైపు పోవాలి. మూలల నుంచి మొదలుపెడితే మధ్యలో వదులు మిగులుతుంది. బిగించాక అరచేతిని టేబుల్ మీద అదిమి ముందుకి తోయండి. చేతి ముందు అల లేస్తే వదులుగా ఉన్నట్టే, మళ్లీ లాగించండి. మరీ బిర్రుగా లాగినా చెడ్డే. నేత విచ్చుకుని దారాల మధ్య ఖాళీ కనిపిస్తే బంతి భలే పరుగెత్తుతుంది కానీ బట్ట ఆయుష్షు తరిగిపోతుంది. కుషన్ మీద అతిగా లాగితే రబ్బర్ ముక్కు నొక్కుకుపోయి బంతి తిరిగొచ్చే తీరు మారుతుంది. పాకెట్ పక్కన మడత ఒక్కటే, సన్నగా ఉండాలి. అక్కడ గుత్తిగా కుక్కితే లోపలికి పోవాల్సిన బంతి తగిలి బయటికి వస్తుంది.

ఇక వాడకం. వర్‌స్టెడ్‌ని బ్రష్‌తో గట్టిగా రుద్దకూడదు, ఇస్త్రీ అక్కర్లేదు. వాక్యూమ్ మెల్లగా పెట్టి, పోగులు రాలని గుడ్డని తడిపి బాగా పిండి, పొడవు దిక్కున తుడిస్తే చాలు. నూగు బట్టకి పద్ధతి వేరు: బాల్క్ నుంచి బ్లాక్ వైపుకి మాత్రమే బ్రష్, ఆ తర్వాత అదే దిక్కున ఇస్త్రీ. ఇస్త్రీ పెట్టె వేడి ముందు న్యూస్‌పేపర్ మీద పెట్టి చూడాలి, కాగితం ఏమాత్రం రంగు మారినా ఆ వేడి ఉన్నికి ఎక్కువే. ఏ బట్ట మీదైనా నీళ్లు, టీ ఒలికితే అద్దాలి, రుద్దకూడదు. చెమట పట్టే ఊళ్లలో చేతికి టాల్కం పౌడర్ పూసుకుని ఆడే అలవాటుంది. ఆ పౌడర్ చాక్‌తో కలిసి నేతలో ముద్దలా పేరుకుంటుంది. రెండు జతల గ్లౌవ్స్ టేబుల్ పక్కన వేలాడదీయండి. నైన్ బాల్ ఎక్కువ ఆడేవాళ్లు బంతుల్ని పేర్చే చెక్క ర్యాక్ బదులు పలచటి ప్లాస్టిక్ ర్యాక్ షీట్ వాడితే బంతుల్ని కొట్టి కూర్చోపెట్టాల్సిన పని ఉండదు, ర్యాక్ చోట గుంటలూ పడవు. బ్రేక్ కొట్టే చోట క్యూ బాల్ కింద చిన్న ముక్క క్లాత్ పెట్టుకుని, కొట్టాక తీసేసే అలవాటు చేసుకుంటే తెల్ల చుక్కలు చాలావరకు తగ్గుతాయి. బిగించాక మిగిలిన ముక్కలు ఫిట్టర్ పట్టుకుపోకుండా అడిగి తీసుకోండి, దీనికి అవే పనికొస్తాయి.